గేమ్ మాడ్‌లు ఎందుకు చేస్తారు, ఎందుకు ఉచితంగా పంచుతారు: తరచుగా అడిగే ప్రశ్నలు

వీడియో గేమ్‌లకు సొంతంగా మార్పులు చేసి నలుగురికీ ఇచ్చేవారి గురించి, వాటిని వాడేవారికీ, తామూ చేయాలనుకునేవారికీ, వారి ఇళ్లలోని పెద్దలకూ పదేపదే అవే సందేహాలు వస్తున్నాయి. వాటిని అడిగినవారి మాటల్లోనే ఉంచి, జవాబులను ఇక్కడ దశలవారీగా ఇచ్చాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## తెలుసుకునే దశ

అసలు మాడ్ అంటే ఏమిటి? క్రాక్, చీట్ లాంటిదేనా?

కాదు. విడుదలైన గేమ్‌లో కొంత భాగాన్ని ఆటగాళ్లు తమకు నచ్చినట్లు మార్చుకోవడం గానీ, దానికి కొత్త భాగాన్ని జోడించడం గానీ మాడ్ అవుతుంది. అది ఒక పాత్ర చొక్కా రంగు కావచ్చు, కొత్త మ్యాప్ కావచ్చు, పూర్తిగా వేరే కథ కావచ్చు. క్రాక్ అనేది డబ్బు చెల్లించకుండా గేమ్‌ను నడిపించడానికి దాని రక్షణను తొలగించేది. చీట్ అనేది పోటీలో ఎదుటివారిని అడ్డదారిన ఓడించడానికి వాడేది. మన నెట్ సెంటర్లలో ఈ మూడూ ఒకే పెన్‌డ్రైవ్‌లో చేతులు మారినందువల్ల మూడూ ఒకటేనన్న అపోహ బలపడింది. మాడ్‌కు అసలు గేమ్ ఉండాలి. అది లేకుండా మాడ్ ఒక్కటే దేనికీ పనికిరాదు.

డబ్బులు రానప్పుడు నెలల తరబడి ఎందుకు కష్టపడతారు?

ఎక్కువమంది విషయంలో మొదటి కారణం చిరాకు. నచ్చిన గేమ్‌లో ఒక లోపం కంటిలో నలుసులా బాధిస్తుంటే, దాన్ని సరిచేసే సామర్థ్యం తమకు ఉందనిపించినవారు ఊరికే కూర్చోలేరు. 2012లో డార్క్ సోల్స్ గేమ్ కంప్యూటర్లకు వచ్చినప్పుడు, ఎంత మంచి మానిటర్ ఉన్నా లోపల చిత్రం 1024 బై 720 పిక్సెళ్లకే తయారై, సాగదీసినట్లు మసకగా కనిపించేది. విడుదలైన రోజునే డ్యూరాంటే అనే పేరుతో ఒక ఔత్సాహికుడు ఆ పరిమితిని తొలగించే డీఎస్‌ఫిక్స్ అనే మాడ్‌ను ఉచితంగా ఇచ్చారు. దాన్ని ఆయన ఎవరి ఆర్డర్ మీదా చేయలేదు; ఆ గేమ్‌ను అలా ఆడటం ఇష్టం లేక చేశారు.

చిరాకు ఒక్కటే అన్నిటినీ వివరించదు. ఫిన్లాండ్ పరిశోధకుడు ఒల్లీ సోటమా, ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్ అనే యుద్ధపు గేమ్‌కు మాడ్‌లు చేసినవారితో మాట్లాడి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఆడటం, గేమ్ లోపలి నిర్మాణాన్ని విప్పి చూడటం, తాము చూపదలచిన విషయం గురించి పరిశోధించడం, తమ సృజనను వ్యక్తం చేయడం, నలుగురితో కలిసి పనిచేయడం అనే అయిదు ప్రేరణలను గుర్తించారు. వీటిలో పరిశోధన అన్నది బయటివారికి వింతగా తోస్తుంది గానీ, ఒక నిజమైన ట్యాంకు లోపలి భాగాలు ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి మాన్యువళ్లు తిరగేసేవారికి ఆ తిరగేయడమే సగం సరదా. ఇందులో అసలు గేమ్ ఆడటానికి మిగిలే సమయం తక్కువే. ఏళ్ల తరబడి మాడ్‌లు చేసినవారిలో కొందరు తాము మార్చిన గేమ్‌ను చివరిదాకా ఆడి ఉండరు.

మన క్రికెట్ గేమ్‌కి ఐపీఎల్ ప్యాచ్‌లు ఎవరు చేస్తారు? కంపెనీయే ఇస్తుందా?

కంపెనీకి ఈ ప్యాచ్‌లతో, అంటే కొత్త జట్లను చేర్చే మాడ్‌లతో, సంబంధం లేదు. ఈఏ స్పోర్ట్స్ వారి క్రికెట్ 07 గేమ్ 2006 నవంబరులో వచ్చింది. ఆ వరుసలో దాని తరువాతి భాగం మళ్లీ రాలేదు. ఐపీఎల్ మొదలైంది 2008 ఏప్రిల్‌లో. అంటే ఐపీఎల్ పుట్టకముందే తయారైన గేమ్‌లో డెక్కన్ ఛార్జర్స్ ఆడటం, ఆ తరువాత 2013 నుంచి ఆ స్థానంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ దిగడం అంతా ఔత్సాహికుల చలవే. వారిలో పెద్దభాగం భారత ఉపఖండానికి చెందిన కుర్రాళ్లు, చాలామంది చేసేనాటికి విద్యార్థులు.

ఇక్కడ వారి ప్రేరణ సూటిగా కనిపిస్తుంది. టీవీలో రాత్రి చూసిన మ్యాచ్‌ను తెల్లారి అదే జట్టుతో, అదే జెర్సీతో తామే ఆడాలి. దాన్ని అమ్మేవారెవరూ లేరు, కొనేందుకు కొత్త గేమూ లేదు, ఉన్న పాత గేమ్ మాత్రం మామూలు కంప్యూటర్‌లో కూడా హాయిగా నడుస్తుంది. కంపెనీ వదిలేసిన గేమ్‌ను ఆటగాళ్లు ఏటా కొత్త జట్ల జాబితాతో బతికించుకోవడానికి మన ప్రాంతంలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదని మా అభిప్రాయం.

చేసింది తమ కంప్యూటర్‌లో పెట్టుకుని ఆడుకోవచ్చు కదా, ఊరందరికీ ఎందుకు పంచడం?

మాడ్ చేసేవారు ఎవరూ శూన్యం నుంచి మొదలుపెట్టరు. ఫైళ్లను విప్పే పనిముట్టును ఎవరో ముందే ఉచితంగా రాసి ఉంటారు. ఆ ఫైళ్ల లోపల ఏ అంకె దేనికో మరొకరు కూర్చుని కనిపెట్టి రాసిపెట్టి ఉంటారు. చిక్కుపడినప్పుడు ముక్కూముఖం తెలియని వ్యక్తి జవాబు చెప్పి ఉంటారు. అలా తీసుకున్నవారికి తమ వంతు తిరిగి ఇవ్వడం సహజంగానే వస్తుంది. దీన్ని త్యాగం అనడం కంటే బాకీ తీర్చడం అనడం సరైనది.

రెండో కారణం ఆచరణకు సంబంధించినది. మీ కంప్యూటర్‌లో చక్కగా నడిచే మాడ్ మరో గ్రాఫిక్స్ కార్డు మీద మొరాయించవచ్చు, మరో మాడ్‌తో కలిపితే గేమ్‌నే మూసివేయవచ్చు. వందమంది వాడితే తప్ప బయటపడని లోపాలను ఒంటరిగా ఎవరూ పట్టలేరు.

మూడోది పేరు. చేసినవారికి జీతం లేనప్పుడు, ఇది ఫలానావారి పని అన్న గుర్తింపే వారికి దక్కే ప్రతిఫలం. అందుకే ఈ లోకంలో గొడవలు డబ్బు గురించి వచ్చినట్లు కనిపించినా, తవ్వి చూస్తే అడుగున ఉండేది చాలాసార్లు పేరు విషయమే. పంచుకోవడం వల్ల పని ఒక చేతి నుంచి మరో చేతికి వెళ్లి పెరుగుతుంది కూడా: వార్‌క్రాఫ్ట్ 3 గేమ్‌కు యూల్ అనే మారుపేరుతో ఒకరు చేసిన డోటా మ్యాప్‌ను ఇతరులు తీసుకుని మార్చారు, ఐస్‌ఫ్రాగ్ అనే మరొకరు ఏళ్ల తరబడి మెరుగుపరిచారు. 2013లో వాల్వ్ కంపెనీ విడుదల చేసిన డోటా 2 ఆ పరంపరలోదే.

గేమ్ కంపెనీలు దీన్ని చూస్తూ ఎందుకు ఊరుకుంటాయి?

ఊరుకోవడం వల్ల వాటికి లాభం ఉంది. ఇడ్ సాఫ్ట్‌వేర్ 1993 డిసెంబరులో డూమ్ గేమ్‌ను విడుదల చేసినప్పుడు, గేమ్‌ను నడిపే ఇంజిన్‌ను ఒకవైపు, మ్యాప్‌లు, బొమ్మలు, శబ్దాలు ఉండే డేటాను వాడ్ అనే ఫైళ్లలో మరోవైపు వేరుచేసింది. అసలు గేమ్‌ను చెడగొట్టకుండా ఎవరైనా తమ వాడ్ ఫైల్‌ను జోడించుకునే వీలు కావాలనే అలా చేసింది. ఆ తరువాత ఔత్సాహిక బృందం ఒకటి తయారుచేసిన మ్యాప్‌ల సంపుటిని కొనుక్కుని 1996లో ఫైనల్ డూమ్‌లో భాగంగా అమ్మింది కూడా. హాఫ్ లైఫ్ గేమ్‌కు మిన్ లే, జెస్ క్లిఫ్ 1999లో చేసిన కౌంటర్ స్ట్రైక్ మాడ్ ఆడాలంటే హాఫ్ లైఫ్ కొనాల్సిందే. వాల్వ్ ఆ మాడ్ హక్కులు కొనుక్కుని 2000లో విడిగా అమ్మకానికి పెట్టింది.

అన్ని కంపెనీలూ ఒకే తీరున ఉండవు. 2017 జూన్‌లో టేక్ టూ సంస్థ, గ్రాండ్ థెఫ్ట్ ఆటో గేమ్‌లకు మాడ్‌లు చేసేవారంతా ఆధారపడే ఓపెన్ ఫోర్ అనే పనిముట్టును నిలిపివేయమని నోటీసు ఇచ్చింది. ఆటగాళ్ల నుంచి వచ్చిన నిరసనతో ఆ నెలలోనే వెనక్కి తగ్గింది. ఈ అనుమతి హక్కు కాదు, కంపెనీ చూపే సహనం మాత్రమేనని గుర్తుంచుకోవాలి.

## తయారుచేసే దశ

నాకు కోడింగ్ రాదు. నేను చేయగలనా?

చేయగలరు. మ్యాప్ రూపొందించడం, సంభాషణలు రాయడం, గొంతు ఇవ్వడం, బొమ్మలు గీయడం, శబ్దాలు కూర్చడం, తప్పులు వెతకడం, ఇవేవీ కోడింగ్ కావు. పెద్ద మాడ్ బృందాలకు ప్రోగ్రామర్ల కంటే వీరి కొరతే తరచుగా ఎదురవుతుంది.

మొదటి మాడ్‌గా ఏది చేస్తే మంచిది?

ఒకే ఒక్క ఫైల్ మార్చితే పూర్తయ్యేది చేయండి. ఒక ఆయుధం బరువు, ఒక గోడ రంగు, ఒక పాత్ర పేరు వంటివి చాలు. ఫైల్‌ను మార్చేముందు అసలు ప్రతిని వేరే ఫోల్డర్‌లో దాచుకోండి. కొత్తవారు తమ మొదటి మాడ్‌గా ఒక ఖండాన్నే సృష్టిస్తామని ప్రకటించడం, రెండు చిత్రాలు చూపించి మాయమవడం ఈ రంగంలో నిత్యం జరిగేదే.

జెర్సీ మార్చడం అంటే రంగు మార్చడమే కదా, దానికి అన్ని రోజులు ఎందుకు?

గేమ్‌లో ఆటగాడి ఒంటిమీద కనిపించే జెర్సీ, ఫైల్‌లో ఒక చదునైన బొమ్మగా ఉంటుంది. ఛాతీ భాగం ఒకచోట, వీపు మరోచోట, చేతులు రెండూ పక్కన విప్పి పరిచినట్లు ఉంటాయి. దర్జీ కత్తిరించి కుట్టకముందు బల్ల మీద పరిచిన గుడ్డముక్కల్లా అన్నమాట. గేమ్ ఆ బొమ్మను శరీరం చుట్టూ చుట్టినప్పుడు ఎక్కడ మడత పడుతుందో చదును బొమ్మలో తెలియదు. స్పాన్సర్ లోగోను కొన్ని పిక్సెళ్లు పక్కకు పెడితే సగం చంక కిందికి పోతుంది. వీపు మీది అంకె నడుము దగ్గర సాగిపోతుంది. బౌలర్ చేయి ఎత్తగానే భుజం గీత వంకర తిరుగుతుంది. ఆటగాడు నిలబడినప్పుడు బాగుంది కదా అని వదిలేస్తే చాలదు. బౌలింగ్, డైవ్, షాట్, అన్నిట్లోనూ చూసి, మళ్లీ బొమ్మ తెరిచి సరిచేసి, గేమ్ మళ్లీ మొదలుపెట్టాలి. ఒక్కో జట్టుకు ఇదంతా చేయాలి. అది అయ్యాక టోర్నీ మధ్యలో జట్టు స్పాన్సర్‌ను మార్చుకుంటే చేసేదేమీ లేదు, మళ్లీ మొదటికి రావాలి.

గేమ్‌ని తెలుగులోకి మార్చి మాడ్‌గా ఇవ్వొచ్చా?

ఇవ్వవచ్చు. అభిమానులు చేసిన అనువాదాలకు ఘనమైన చరిత్రే ఉంది: 2006లో జపాన్‌లో మాత్రమే విడుదలైన మదర్ 3 గేమ్‌కు అధికారిక ఇంగ్లీషు రూపం రాకపోవడంతో, అభిమానుల బృందం 2008లో తామే అనువాదాన్ని పూర్తిచేసి ఇచ్చింది.

తెలుగుకు అదనంగా మరో అడ్డంకి ఉంది. చాలా పాత ఇంజిన్లు, కొన్ని కొత్తవి కూడా, అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే తప్ప వత్తులను, గుణింతాలను కలిపి చూపించలేవు. అలాంటిచోట 'స్త్రీ' అనే మాట పొల్లు గుర్తులతో ముక్కలై కనిపిస్తుంది. కాబట్టి వేల వాక్యాలు అనువదించడానికి కూర్చోకముందే, ఒక్క మెనూలో 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి రెండు మూడు మాటలు పెట్టి చూడండి. అవి విరిగిపోతే ముందుగా పరిష్కరించాల్సింది ఫాంట్ సమస్య, అనువాదం తరువాతి సంగతి. కొందరు ప్రతి సంయుక్తాక్షరాన్నీ విడి బొమ్మగా ఫాంట్‌లో చేర్చి నెట్టుకొస్తారు. ఆ పని విసుగు పుట్టిస్తుంది గానీ సాధ్యమే.

మా అబ్బాయి రాత్రంతా మేలుకుని ఇవే చేస్తున్నాడు. గేమ్ వ్యసనం అనుకోవాలా?

ఏం చేస్తున్నాడో పక్కన కూర్చుని చూపించమనండి. ఆడటానికీ తయారుచేయడానికీ తేడా అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. తయారుచేయడం అయినా సరే, పరీక్షల ముందు నిద్ర చెడగొట్టుకోవడం మంచిది కాదు. దానికి గడువు పెట్టండి గానీ పనికిమాలినదని మాత్రం అనకండి.

## పంచుకునే దశ

మాడ్ ఇస్తే చట్టపరంగా ఇబ్బంది ఉందా?

గేమ్ మీద హక్కు దాన్ని తయారుచేసిన సంస్థదే. అమెరికాలో 1998 నాటి మైక్రో స్టార్, ఫార్మ్‌జెన్ వ్యాజ్యం ఈ విషయంలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. డ్యూక్ న్యూకెమ్ 3డీ గేమ్‌కు ఆటగాళ్లు ఉచితంగా చేసిన 300 లెవెళ్లను పోగుచేసి డిస్కుగా అమ్మిన సంస్థ, అసలు గేమ్ హక్కులను ఉల్లంఘించిందని అప్పీలు కోర్టు తేల్చింది. భారతదేశంలోనూ 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములకు వర్తిస్తుంది.

ఆచరణలో గేమ్‌తో వచ్చే లైసెన్సు ఒప్పందాన్ని చదవడం మొదటి పని. మాడ్‌లకు అనుమతి ఉందా, డబ్బు తీసుకోవడం నిషేధమా, మీరు చేసినదాని మీద కంపెనీ హక్కు కోరుతోందా అన్నవి అందులోనే ఉంటాయి. బ్లిజార్డ్ సంస్థ 2020లో వార్‌క్రాఫ్ట్ 3ను కొత్త రూపంలో ఇచ్చినప్పుడు, దానిపై ఆటగాళ్లు తయారుచేసే ఆటలన్నీ తమ సొత్తేనని విధానంలో రాసుకుంది. అలాగే అసలు గేమ్ ఫైళ్లను, మరో గేమ్ నుంచి తీసిన పాత్రలను, సినిమా పాటలను మాడ్‌లో కలిపి ఇవ్వకండి. జట్ల లోగోలు కూడా ఎవరివో ట్రేడ్‌మార్కులే. ఉచితంగా ఇచ్చినంత మాత్రాన ఆ సంగతి మారదు.

వేరేవాళ్ల మాడ్‌లోంచి ఫైల్ తీసుకుని, చివర్లో వాళ్ల పేరు వేస్తే సరిపోతుందా?

సరిపోదు. ముందుగా అడగాలి, వారు రీడ్‌మీలో, అంటే మాడ్‌తో పాటు ఇచ్చే వివరాల ఫైల్‌లో, బాహాటంగా అనుమతి ఇచ్చి ఉంటే అందులోని షరతు పాటించాలి. జవాబు రాకపోతే కాదన్నట్లే లెక్క. నాలుగైదు మాడ్‌లను మూటగట్టి తమ పేరుతో మెగా ప్యాచ్ అని పెట్టడం మన క్రికెట్ ప్యాచ్‌ల మధ్య చాలా ఎక్కువ. జీతం లేకుండా పనిచేసినవారికి దక్కే ఒక్క ప్రతిఫలాన్నీ అలా లాక్కుంటే, వారు తరువాతి సీజన్‌కు పనిచేయడం మానేస్తారు. నష్టపోయేది ఆడేవారే.

ఇంత కష్టపడి చేసింది అమ్ముకుంటే తప్పేంటి?

ఆశ న్యాయమైనదే, అమలు మాత్రం తేలిక కాదు. 2015 ఏప్రిల్ 23న వాల్వ్, స్కైరిమ్ గేమ్‌ను చేసిన బెథెస్డా సంస్థలు, ఆ గేమ్ మాడ్‌లను వాల్వ్ వారి ఆన్‌లైన్ గేమ్ దుకాణమైన స్టీమ్‌లో అమ్ముకునే వీలు కల్పించాయి. అమ్మకం ధరలో చేసినవారికి 25 శాతమే దక్కేది. ఆటగాళ్లు తీవ్రంగా వ్యతిరేకించడంతో నాలుగు రోజులకే, 27న, ఆ ఏర్పాటును రద్దుచేసి కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చేశారు.

ఆ నాలుగు రోజుల్లోనే అసలు చిక్కు బయటపడింది. అమ్మకానికి పెట్టిన చేపల వేట మాడ్ ఒకటి, మరొకరు ఉచితంగా ఇచ్చిన యానిమేషన్ పనిముట్టు మీద ఆధారపడి ఉందని తేలి, దాన్ని తీసేయాల్సి వచ్చింది. ఉచితంగా ఉన్నంతకాలం ఎవరి పని మీద ఎవరు ఆధారపడినా అభ్యంతరం లేదు. పైసలు వచ్చిన మరుక్షణం అందులో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న లేస్తుంది. పనిముట్టు రాసినవారికి ఎంత, దారి చూపినవారికి ఎంత, తప్పులు వెతికినవారికి ఎంత? దీనికి ఎవరూ సంతృప్తికరమైన లెక్క చెప్పలేదు. ఇష్టమైనవారు ఇచ్చే విరాళాలు తీసుకోవడం ప్రస్తుతానికి కొంత మేలైన దారి. అయితే విరాళం ఇచ్చినవారికే ముందుగా ఫైల్ ఇస్తామనడం మాత్రం అమ్మకానికి మరో పేరే.

రీడ్‌మీలో ఏం రాయాలి? ఎవరూ చదవరు కదా?

ఏ వెర్షన్ గేమ్‌కు పనిచేస్తుంది, ఏ ఫైళ్లను మారుస్తుంది, ఎలా తొలగించాలి, ఎవరెవరి పని వాడుకున్నారు, ఇతరులు దీన్ని మార్చుకోవచ్చా లేదా, ఇవి రాయండి. చదవనివారు అడుగుతారు, అప్పుడు చూపించడానికి అది ఉండాలి.

## పంచిన తరువాత

గేమ్ అప్‌డేట్ రాగానే మాడ్‌లు ఎందుకు పాడవుతాయి?

బొమ్మలు, శబ్దాలు మార్చే మాడ్‌లు సాధారణంగా పాడవవు. గేమ్ ప్రోగ్రామ్ లోపలికే వెళ్లి పనిచేసేవి పాడవుతాయి. అవి ప్రోగ్రామ్‌లో ఫలానా పని ఫలానా చోట ఉందని గుర్తుపెట్టుకుని అక్కడికి వెళ్తాయి. కంపెనీ ప్రోగ్రామ్‌ను మళ్లీ తయారుచేయగానే ఆ చోట్లన్నీ జరిగిపోతాయి. 2021 నవంబరులో స్కైరిమ్‌కు వచ్చిన అప్‌డేట్‌తో స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే ఔత్సాహికుల పనిముట్టు మీద ఆధారపడిన మాడ్‌లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఫాల్అవుట్ లండన్ అనే భారీ మాడ్ 2024 ఏప్రిల్ 23న రావాల్సి ఉండగా, సరిగ్గా అదే వారం దాని అసలు గేమ్ ఫాల్అవుట్ 4కు పెద్ద అప్‌డేట్ రావడంతో జూలైకి వాయిదా పడింది. కంపెనీలు మాడ్ చేసేవారికి ముందుగా ఒక మాట చెప్పడం అలవాటు చేసుకుంటే బాగుండేది.

ఉచితంగా ఇచ్చినా జనం తిడుతున్నారు. ఏం చేయాలి?

తెలిసిన లోపాల జాబితా పెట్టండి, ఏ సమాచారం ఇస్తే సాయం చేయగలరో రాయండి, మిగిలినవాటికి జవాబు ఇవ్వకండి. 'అప్‌డేట్ ఎప్పుడు బ్రో' అన్న ప్రశ్నకు తేదీ చెప్పకపోవడమే క్షేమం. చెప్పిన తేదీ దాటిన క్షణం నుంచి సరదా పని కాస్తా చాకిరీగా మారుతుంది.

తిట్లతో పాటు కొన్ని ఉత్తరాలు కూడా వస్తాయి, వాటిని దాచుకోండి. స్టార్‌డ్యూ వ్యాలీ గేమ్‌కు స్టార్‌డ్యూ యాక్సెస్ అనే మాడ్ ఉంది. తెర మీద ఉన్నదాన్ని స్క్రీన్ రీడర్ ద్వారా చదివి వినిపించి, చూపు లేనివారు కూడా ఆ పొలం దున్నుకుని ఆడేలా చేస్తుంది. అలాంటి మాడ్ చేసినవారికి వాడేవారి ఒక్క మాట ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

మాడ్‌లు చేస్తే గేమ్ కంపెనీలో ఉద్యోగం వస్తుందా?

వచ్చినవారు ఉన్నారు. క్వేక్ గేమ్‌కు 1996లో టీమ్ ఫోర్ట్రెస్ మాడ్ చేసిన ఆస్ట్రేలియా కుర్రాళ్లు రాబిన్ వాకర్, జాన్ కుక్‌లను వాల్వ్ ఉద్యోగంలోకి తీసుకుంది. బెథెస్డాలో ఉద్యోగం సంపాదించాలని అలెగ్జాండర్ వెలికీ పందొమ్మిదేళ్ల వయసులో, దాదాపు ఏడాదిపాటు 2,000 గంటలు వెచ్చించి, ఫాల్స్‌కార్ అనే మాడ్‌ను 2013లో విడుదల చేశారు. ఉద్యోగం మాత్రం బంగీ సంస్థలో వచ్చింది. నిక్ పియర్స్ చేసిన ఫర్‌గాటెన్ సిటీ అనే స్కైరిమ్ మాడ్ ఆస్ట్రేలియా రచయితల సంఘం పురస్కారం పొంది, 2021లో విడి గేమ్‌గా వచ్చింది.

పేర్లు చెప్పుకోగలిగేంత తక్కువమందికి జరిగింది కాబట్టే ఇవి కథలయ్యాయి. ఉద్యోగం కోసమే మొదలుపెడితే చాలామందికి నిరాశే మిగులుతుంది. హైదరాబాద్ గేమ్ స్టూడియోలకు దరఖాస్తు చేసేవారికి మేం చెప్పేది ఒక్కటే: సగంలో ఆపేసిన పెద్ద మాడ్ కంటే, పూర్తిచేసి నాలుగు వెర్షన్ల దాకా సరిదిద్దిన చిన్న మాడ్ రెజ్యూమెలో ఎక్కువ మాట్లాడుతుంది. అందులో మీరు స్వయంగా చేసింది ఏదో, ఇతరుల నుంచి తీసుకుంది ఏదో విడివిడిగా రాయండి.

నేను మానేస్తే నా మాడ్ ఏమవుతుంది? కావాలంటే తీసేయొచ్చా?

అది మీరు పెట్టిన చోటి నియమాలను బట్టి ఉంటుంది. మాడ్‌లు పంచుకునే వెబ్‌సైట్ నెక్సస్ మాడ్స్ 2021లో తన విధానాన్ని మార్చి, ఒకసారి పెట్టిన ఫైల్‌ను పూర్తిగా చెరిపేయకుండా భద్రపరిచే పద్ధతికి వెళ్లింది. ఒక మాడ్‌ను నమ్ముకుని మరెన్నో ఉంటాయి కనుక మధ్యలోది మాయమైతే అన్నీ కూలుతాయన్నది ఆ సంస్థ వాదన. తమ పని మీద తమకే అదుపు లేదా అన్నది చేసినవారి వాదన. కొందరు గడువులోగా తమ మాడ్‌లన్నిటినీ తీసుకుని వెళ్లిపోయారు. రెండు వైపులా న్యాయం ఉంది గానీ, పెట్టేటప్పుడే నియమం తెలిసి ఉండాలన్నది మాత్రం నిర్వివాదం.

కొనసాగించే ఓపిక లేదనిపించినప్పుడు, ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చని రీడ్‌మీలో ఒక వాక్యం రాసి, పొరలు విడిగా ఉన్న అసలు బొమ్మల ఫైళ్లను, స్క్రిప్టుల మూలాన్ని కూడా జతచేయండి. తయారైన ఫైల్ ఒక్కటే ఉంటే తరువాత వచ్చేవారు మీరు చేసిందంతా మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.